పాత కంప్యూటర్‌కి డిస్క్ రైటర్, దాని వెనుక నాలుగు తీగలు

మొన్న సంక్రాంతి వెళ్లిన వారానికి మా వీధి చివర ఉండే రిటైర్డ్ లెక్కల మాస్టారు ఆటోలో ఒక కంప్యూటర్ క్యాబినెట్ వేసుకుని మా ఇంటికి వచ్చారు. పసుపు రంగుకు తిరిగిన తెల్ల డబ్బా, లోపల పెంటియం త్రీ, విండోస్ 98. ముందు వైపు రెండు ట్రేలు: పైన 52 ఎక్స్ సీడీ డ్రైవ్, కింద సీడీ రైటర్. ఇంకో చేతిలో బిస్కట్ల రేకు డబ్బా, దాని నిండా సీడీలు.

"పాట తిరుగుతోంది బాబూ, వినపడటం లేదు," అన్నారు.

నేను 1999 నుంచి తొమ్మిదేళ్లు సికింద్రాబాద్ పార్క్ లేన్‌లో, చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో కంప్యూటర్లు బిగించిన మనిషిని. ఇప్పుడు నల్గొండలో వేరే పని చేసుకుంటున్నా, ఊళ్లో ఎవరి అటక మీద నుంచి పాత మిషన్ దిగినా చివరికి నా దగ్గరికే చేరుతుంది. మాస్టారు చెప్పిన ఆ ఒక్క వాక్యంతోనే రోగం సగం తెలిసిపోయింది. మిగతా సగం తేల్చుకోవడానికి స్క్రూడ్రైవర్ కూడా అక్కర్లేదు.

ముందు ఆయన పాటల సీడీ పెట్టాను. తెర మీద సీడీ ప్లేయర్‌లో సెకన్లు కదులుతున్నాయి, స్పీకర్లో చీమ చిటుక్కుమనలేదు. దాన్ని తీసి ఎమ్‌పీత్రీ పాటలున్న డిస్క్ పెట్టాను. స్పీకర్లు దద్దరిల్లాయి. అంటే స్పీకర్లు బాగున్నాయి, సౌండ్ కార్డు బాగుంది. మళ్లీ పాటల సీడీ పెట్టి, డ్రైవ్ ముందు వైపున్న చిన్న రంధ్రంలో ఇయర్‌ఫోన్ గుచ్చి మాస్టారి చెవికి అందించాను. ఆయన కళ్లు పెద్దవయ్యాయి. పాట వస్తోంది. అంటే డ్రైవ్ కూడా బాగుంది. ఇక తప్పు ఉండగలిగిన చోటు ఒక్కటే: డ్రైవ్ వెనుక నుంచి సౌండ్ కార్డు దాకా వెళ్లవలసిన నాలుగు తీగల కేబుల్.

పక్క రేకు విప్పితే అది కనిపించింది. చుట్టచుట్టి, రబ్బరు బ్యాండు వేసి, ఎస్‌ఎమ్‌పీఎస్ (లోపలికి కరెంటు పంచే డబ్బా) పక్కన మూలకు దోపి ఉంది. ఎప్పుడో రైటర్ అమర్చడానికి వచ్చిన వాళ్లు పాత డ్రైవ్‌ను బయటికి లాగి, తిరిగి పెట్టేటప్పుడు ఈ తీగను వదిలేశారు. వాళ్లను తిట్టే అర్హత నాకు లేదు. శనివారం సాయంత్రం ఆరో క్యాబినెట్ మూస్తున్నప్పుడు నేనూ ఇలాగే ఎన్నిటికి వదిలేశానో లెక్క లేదు. ఎమ్‌పీత్రీ వేసి వినిపిస్తే కొనేవాళ్లు సంతోషంగా తీసుకుపోయేవారు. పాటల సీడీ పెట్టి చూసే ఓపిక ఎవరికీ ఉండేది కాదు.

రెండు దారులు

ఈ పనిలో తెలుసుకోవలసిన అసలు సంగతి ఇదే. ఇది పట్టుబడితే మిగతాదంతా స్క్రూల పనే. డిస్క్ మీది శబ్దం కంప్యూటర్‌లోకి రెండు దారుల్లో వస్తుంది.

మొదటిది వెడల్పాటి రిబ్బన్ కేబుల్. ఎమ్‌పీత్రీ, వీడియో సీడీ, ఫొటోలు, ప్రోగ్రాములు అన్నీ అంకెలుగా ఈ దారినే వస్తాయి. వాటిని శబ్దంగా మార్చే బాధ్యత కంప్యూటర్‌ది.

రెండోది ఆ నాలుగు తీగలు. పాత సీడీ డ్రైవ్ లోపల పూర్తి స్థాయి సీడీ ప్లేయర్ ఒకటి ఉంటుంది. అంకెలను శబ్దంగా మార్చే చిప్ కూడా దానిలోనే ఉంటుంది. కంప్యూటర్ "మూడో పాట మొదలుపెట్టు" అని ఆజ్ఞ ఇచ్చి ఊరుకుంటుంది. డ్రైవ్ స్వయంగా పాడి, తయారైన పాటను ఈ తీగల మీదుగా సౌండ్ కార్డుకు పంపుతుంది. ముందున్న ఇయర్‌ఫోన్ రంధ్రం కూడా ఆ లోపలి ప్లేయర్‌దే. అందుకే తీగ ఊడినా సెకన్లు కదులుతాయి, ఇయర్‌ఫోన్లో పాట వస్తుంది, స్పీకర్లు మాత్రం మూగబోతాయి.

విండోస్ 2000, ఎక్స్‌పీలలో పాటల సీడీని కూడా రిబ్బన్ దారికి మళ్లించే వీలు ఉంది. డివైస్ మేనేజర్‌లో (విండోస్‌లో పరికరాల జాబితా) డ్రైవ్ పేరు మీద రెండుసార్లు నొక్కి, ప్రాపర్టీస్ పేజీలో డిజిటల్ సీడీ ఆడియో అన్న గడిలో టిక్ ఉందో లేదో చూసుకోవాలి. అది ఉంటే నాలుగు తీగలు లేకపోయినా విండోస్ మీడియా ప్లేయర్‌లో పాట వినిపిస్తుంది. తర్వాత వచ్చిన, రిబ్బన్ బదులు సన్న తీగతో కలిసే సాటా డ్రైవ్‌ల వెనుక ఈ తీగ గుచ్చే చోటే దాదాపుగా కనిపించదు. యూఎస్‌బీ డ్రైవ్‌ల సంగతి చెప్పనే అక్కర్లేదు. మీ మిషన్ ఎక్స్‌పీ తర్వాతిదైతే ఈ తీగల గొడవను వదిలేసి, రైటర్ ఎంపిక దగ్గరికి వెళ్లిపోవచ్చు. విండోస్ 98 మిషన్ అయితే తీగ వేసుకోవడమే మేలు.

రైటర్ ఎంపిక

మాస్టారికి తీగ ఒక్కటే సమస్య కాదు. రేకు డబ్బాలో ఉన్నవి ఆయన భార్య, ఆమె భజన బృందం 2003లో శ్రీరామనవమికి వాళ్ల ఊరి గుళ్లో పాడిన కీర్తనలు. వాటికి కొత్త కాపీలు తీసి, ఒకటి గుడికి, రెండు కూతుళ్లకు ఇవ్వాలట. కింద ఉన్న రైటర్‌లో ఖాళీ డిస్క్ పెట్టి చూశాను. చదువుతుంది కానీ రాయదు. పవర్ కాలిబ్రేషన్ ఎర్రర్ అని చెప్పి డిస్క్‌ను బయటికి తోసేస్తోంది. రాసే ముందు లేజర్ ఎంత కాంతి వాడాలో డిస్క్ లోపలి అంచున కొంచెం రాసి చూసుకుంటుంది. ఆ పరీక్షే తప్పిందంటే చాలాసార్లు లేజర్ నీరసించిందని అర్థం. ఒక్కోసారి డిస్క్ నచ్చకపోయినా ఇదే మాట చెబుతుంది కాబట్టి, వేరే కంపెనీ డిస్క్‌తో ఇంకోసారి ప్రయత్నించాకే తీర్పు చెప్పాలి. నేను మూడు రకాలతో ప్రయత్నించాను. పోయిందంతే.

వేరే రైటర్ కొనే ముందు చూసుకోవలసింది క్యాబినెట్ లోపల ఏ తీగ ఉందన్నది. వెడల్పుగా, బల్లపరుపుగా ఉంటే ఐడీఈ, 40 పిన్నులది. సన్నగా, చిటికెన వేలి గోరంత మూతితో ఉంటే సాటా. ఒకదానిది ఇంకోదానికి పట్టదు. ల్యాప్‌టాప్ అయినా, డ్రైవ్‌కు చోటే లేని కొత్త డెస్క్‌టాప్ అయినా యూఎస్‌బీ రైటర్ తీసుకోవడమే దారి. కొత్తవి బజారులో సులభంగా దొరికేది ఇవే. సన్నగా ఉండే ఈ డ్రైవ్‌లు సాధారణంగా సీడీని 24 ఎక్స్, డీవీడీని 8 ఎక్స్ వేగంతో రాస్తాయి. ఇంటి పనికి అది చాలు. ఒక్క జాగ్రత్త: యూఎస్‌బీ 2.0 పోర్టు ప్రమాణం ప్రకారం ఇవ్వగలిగేది 500 మిల్లీ ఆంపియర్లు. రాసేటప్పుడు ఒక్కోసారి అది చాలక డ్రైవ్ మధ్యలో ఆగిపోతుంది. క్యాబినెట్ ముందు వైపు పోర్టులకు కాకుండా వెనుక మదర్‌బోర్డు పోర్టుకే నేరుగా గుచ్చండి. రెండు మూతుల కేబుల్ ఇస్తే రెండూ గుచ్చండి. ఎక్స్‌టెన్షన్ తీగలు వద్దు.

ఇక వేగం. పెట్టె మీద 52, 32, 52 అని మూడు అంకెలు కనిపిస్తాయి. సీడీ ఆర్ (ఒక్కసారే రాయగలిగేది) రాసే వేగం, ఆర్‌డబ్ల్యూ (చెరిపి మళ్లీ రాయగలిగేది) మీద తిరగరాసే వేగం, చదివే వేగం, ఆ వరుసలో. సీడీకి 1 ఎక్స్ అంటే సెకనుకు 150 కిలోబైట్లు. డీవీడీకి 1 ఎక్స్ అంటే దాదాపు 1,385 కిలోబైట్లు, తొమ్మిది రెట్లు ఎక్కువ. కాబట్టి 16 ఎక్స్ డీవీడీని 52 ఎక్స్ సీడీతో పోల్చి, ఇది తక్కువది అనుకోకూడదు. నా కౌంటర్ ముందు నిలబడి ఈ పోలికతో బేరం చేసినవాళ్లు చాలామంది.

అంకెను చూసి డబ్బు పెట్టవద్దని నేనెందుకు అంటానో లెక్క చూడండి. 80 నిమిషాల పాటల సీడీని 16 ఎక్స్‌లో రాస్తే 5 నిమిషాలు. 52 ఎక్స్ అయితే కాగితం మీద నిమిషంన్నర. కానీ ఆ వేగం డిస్క్ బయటి అంచుకు చేరినప్పుడే అందుతుంది. లోపలి అంచు దగ్గర అందులో సగం కూడా ఉండదు. మొదలు, ముగింపు పనులు కలుపుకుంటే దాదాపు మూడు నిమిషాలు పడుతుంది. అంటే మిగిలేది ఒక టీ తాగే సమయం కూడా కాదు. దానికోసం డిస్క్‌ను నిమిషానికి పదివేల చుట్లు తిప్పాలి. మధ్య రంధ్రం దగ్గర సన్నని పగులు ఉన్న డిస్క్ ఆ వేగంలో లోపలే ముక్కలైపోతుంది. ఆ ముక్కలు ఏరిన చేతులు నావి.

వేగం కన్నా ముఖ్యమైనది ఇంకొకటుంది. తొలి రోజుల రైటర్లలో రాత మొదలయ్యాక ప్రవాహం ఆగకూడదు. కంప్యూటర్ నుంచి అంకెలు ఒక్క క్షణం ఆలస్యమైతే డిస్క్ చెత్తబుట్టకే. రైటర్ పనిచేస్తుంటే మౌస్ ముట్టుకోకుండా, స్క్రీన్ సేవర్ ఆపేసి, గదిలో మెల్లగా నడిచేవాళ్లం. చెడిన డిస్కులు మా ఊళ్లో జొన్న చేలల్లో దారాలకు వేలాడి పిట్టల్ని తోలేవి. 2000లో సాన్యో బర్న్ ప్రూఫ్ అనే పద్ధతి తెచ్చింది. ప్రవాహం ఆగితే లేజర్ ఆగి, సరిగ్గా ఆగిన చోటు నుంచే మళ్లీ మొదలుపెడుతుంది. తర్వాత మిగతా కంపెనీలూ రకరకాల పేర్లతో ఇదే పద్ధతి తెచ్చాయి. పాత రైటర్ కొంటుంటే లేబుల్ మీద తయారైన నెల, సంవత్సరం చూడండి. 2003 తర్వాతిది అయితే ఈ రక్షణ ఉన్నట్టే లెక్క.

నా సలహా ఏమిటంటే, సీడీలే రాయాలనుకున్నా డీవీడీ రైటరే తీసుకోండి. పాత బజారులో అవే ఎక్కువ దొరుకుతాయి, వయసు కూడా తక్కువ. కాంబో అని రాసి ఉన్నదాన్ని చూసి మోసపోవద్దు. అది డీవీడీని చదువుతుంది, రాసేది సీడీ మాత్రమే. డీవీడీలలో ప్లస్ ఆర్, మైనస్ ఆర్ అని రెండు జాతులున్నాయి. మొదట్లో ఒక్కో రైటర్ ఒక్కదాన్నే రాసేది. తర్వాతివి రెండూ రాస్తాయి, ఆ రెండు గుర్తులూ ఉన్నాయో లేదో చూసుకుంటే చాలు. పెంటియం త్రీ లాంటి మిషన్‌లో డీవీడీ రాస్తే వేగం 4 ఎక్స్ దాటనివ్వకండి. 16 ఎక్స్‌కు సెకనుకు 22 మెగాబైట్లు అందించాలి. అంత పరుగు ఆ పాత హార్డ్ డిస్క్ వల్ల కాదు.

నేను సికింద్రాబాద్ వెళ్లి ఒక పాత ఐడీఈ డీవీడీ రైటర్‌ను 350 రూపాయలకు తెచ్చాను. వెళ్లేటప్పుడు సంచిలో నాలుగు డిస్కులు వేసుకెళ్లాను: కంపెనీ అచ్చు పాటల సీడీ ఒకటి, ఎప్పుడో రాసిన సీడీ ఆర్ ఒకటి, సినిమా డీవీడీ ఒకటి, ఒక ఖాళీ డిస్క్. అచ్చు సీడీని ఏ ముసలి లేజరైనా చదువుతుంది. రాసిన సీడీ ఆర్ దగ్గరే దాని కంటి చూపు బయటపడుతుంది. ఖాళీ డిస్క్ మీద అక్కడే రాయించి, రాసినదాన్ని వేరే డ్రైవ్‌లో పెట్టి చదివించాను. తను రాసింది తను చదువుకోవడం గొప్ప కాదు, ఇంకొకరు చదవాలి. ట్రేను పదిసార్లు తెరిచి మూయించాను. తడబడితే లోపలి రబ్బరు బెల్ట్ సాగిందని అర్థం. దానికోసం బేరం తెంచుకోనక్కర్లేదు, ధర తగ్గించమనవచ్చు. కరెంటు లేకుండా ట్రే తెరవాలంటే ముందు వైపు గుండుసూది రంధ్రంలో పేపర్ క్లిప్పు నిటారుగా దూర్చి నొక్కాలి.

బిగించడం

కరెంటు తీగ గోడ నుంచి తీసేయండి. క్యాబినెట్ లోపలి రంగు లేని ఇనుప భాగాన్ని ఒకసారి చేత్తో తాకితే ఒంటి మీది స్థిర విద్యుత్తు పోతుంది. డ్రైవ్‌ను ముందు నుంచి లోపలికి తోయండి. స్క్రూల దగ్గర ఒక మాట: డిస్క్ డ్రైవ్‌లకు సన్న మరల స్క్రూలు, హార్డ్ డిస్క్‌కు ముతక మరలవి. దానివి దీనికి బలవంతంగా తిప్పితే మర చెడుతుంది. పొడుగుపాటివి వేస్తే లోపలి బోర్డుకు తగలవచ్చు.

డ్రైవ్ వెనుక భాగం మన వైపు, లేబుల్ పైకి ఉండేలా పెట్టి చూస్తే మామూలుగా ఎడమ నుంచి కుడికి ఈ వరుస కనిపిస్తుంది: రెండు పిన్నుల డిజిటల్ ఆడియో, నాలుగు పిన్నుల ఆడియో, జంపర్ పిన్నులు, 40 పిన్నుల ఐడీఈ, చివర పెద్ద కరెంటు మూతి. రిబ్బన్ ఎర్ర అంచు కరెంటు మూతి వైపు ఉండాలి. తీగ ఏ దిక్కు అన్న సందేహం వచ్చినప్పుడల్లా మేము "ఎరుపు కరెంటు వైపు" అనుకునేవాళ్లం.

జంపర్ అంటే రెండు పిన్నులను కలిపే చిన్న నల్ల టోపీ. ఒకే రిబ్బన్ మీద రెండు డ్రైవ్‌లుంటే ఒకదానికి మాస్టర్, ఇంకోదానికి స్లేవ్ పెట్టాలి. రెండూ మాస్టర్ అయితే రెండూ కనిపించకుండా పోవచ్చు. మాస్టారి మిషన్‌లో హార్డ్ డిస్క్ మొదటి రిబ్బన్ మీద ఉంది. రెండో రిబ్బన్ మీద రైటర్‌ను మాస్టర్‌గా, పాత సీడీ డ్రైవ్‌ను స్లేవ్‌గా పెట్టాను. ఇలా ఒకే రిబ్బన్ మీద ఉన్న డ్రైవ్‌ల మధ్య నేరుగా డిస్క్ నుంచి డిస్క్‌కు కాపీ చేయకండి. ఒకే తీగ మీద ఇద్దరూ ఒకేసారి మాట్లాడలేరు. ముందు హార్డ్ డిస్క్ మీదికి తెచ్చుకుని, అక్కడి నుంచి రాయాలి.

ఎక్స్‌పీ వాడేవాళ్లకు ఒక ముల్లు చెప్పాలి. గీతలు పడ్డ డిస్క్‌తో డ్రైవ్ పదేపదే తడబడితే, అటువంటి తప్పులు ఆరు పోగయ్యాక విండోస్ ఆ రిబ్బన్‌ను డీఎమ్‌ఏ అనే వేగమైన పద్ధతి నుంచి పీఐఓ అనే నత్త నడకకు దించేస్తుంది. ఆ తర్వాత దానంతట అది ఎక్కదు. పాట తెగి తెగి వస్తుంది, రాయడానికి గంట పడుతుంది, రైటర్ చెడిందని జనం కొత్తది కొంటారు. డివైస్ మేనేజర్‌లో సెకండరీ ఐడీఈ చానల్‌ను తొలగించి, మిషన్ ఆపి, తిరిగి వేస్తే మళ్లీ దారికొస్తుంది.

ఆ నాలుగు తీగలు

కేబుల్‌కు రెండు వైపులా నల్లని చిన్న ప్లాస్టిక్ మూతి, పక్కన కొక్కెం. లోపల తీగలు వరుసగా ఎడమ శబ్దం, భూమి (గ్రౌండ్ తీగ), భూమి, కుడి శబ్దం. సాధారణంగా ఎడమది తెలుపు, కుడిది ఎరుపు, మధ్య రెండూ నలుపు. ఒక కొస డ్రైవ్‌కు, ఇంకో కొస సౌండ్ కార్డు మీద సీడీ ఇన్ అని అచ్చు వేసి ఉన్న చోట. విడి కార్డు లేకుండా మదర్‌బోర్డులోనే సౌండ్ ఉంటే, పీసీఐ స్లాట్ల (కార్డులు గుచ్చే గాడుల) దగ్గర అవే అక్షరాలు వెతకండి. చాలా కార్డులలో సీడీ ఇన్ నలుపు, ఆక్స్ ఇన్ (ఇంకో శబ్దం లోపలికి తెచ్చుకునే అదనపు చోటు) తెలుపు. ఆకుపచ్చది ఉంటే అది మోడెమ్ కోసం, దాన్ని వదిలేయండి.

డ్రైవ్‌లు రెండు, సీడీ ఇన్ ఒకటే అయితే ఎలా? రెండోదాన్ని ఆక్స్ ఇన్‌కు గుచ్చండి, మూతి సరిగ్గా సరిపోతుంది. మాస్టారికి అలాగే చేశాను. పాత డ్రైవ్ సీడీ ఇన్‌కు, రైటర్ ఆక్స్ ఇన్‌కు. కాకపోతే శబ్దం పెంచే మీట వేరవుతుంది. గడియారం పక్కనున్న స్పీకర్ బొమ్మ మీద రెండుసార్లు నొక్కితే మీటల వరుస వస్తుంది. అక్కడ సీడీ, ఆక్స్ రెండింటి కింద మ్యూట్ గడులు ఖాళీగా ఉండాలి. మీటే కనిపించకపోతే ఆప్షన్స్‌లో ప్రాపర్టీస్ తెరిచి టిక్ పెట్టుకోవాలి. తీగ బాగా గుచ్చి, మ్యూట్ తీయడం మరిచిపోయి, తీగ చెడిందని పార్క్ లేన్ దాకా తిరిగి వచ్చినవాళ్లను చూశాను.

మరీ పాత కార్డుల మీద మూతి చిన్నదిగా, తీగల వరుస వేరుగా ఉంటుంది. పాట ఒక పక్కే వస్తున్నా, పీలగా వస్తున్నా వరుస కలవలేదని అనుమానించండి. కొత్త కేబుల్ కొననక్కర్లేదు. మూతి పక్కనున్న చిన్న కిటికీలో గుండుసూదితో లోహపు నాలుకను నొక్కితే తీగ వెనక్కి జారి వస్తుంది. కార్డు మీద రాసిన వరుస ప్రకారం మళ్లీ దూర్చుకోవచ్చు.

గుయ్యిమనే చప్పుడు, మౌస్ కదిపితే చిటపటలు వస్తున్నాయంటే ఈ తీగ ఇరుగుపొరుగు మాటలు వింటోందని అర్థం. ఇందులో పారేది నాజూకైన శబ్దం కాబట్టి ఎస్‌ఎమ్‌పీఎస్‌కు, ఫ్యాన్ తీగలకు, రిబ్బన్‌కు దూరంగా, క్యాబినెట్ అంచు వెంబడి తిప్పి తీసుకెళ్లండి. వాడని మీటలన్నీ మ్యూట్ చేయండి. ఏమీ గుచ్చని ఆక్స్ ఇన్ తెరిచి ఉంటే అది కూడా రొదను లోపలికి తెస్తుంది.

పక్కనున్న రెండు పిన్నుల డిజిటల్ సంగతి తొందరగా ముగిస్తాను. సౌండ్ బ్లాస్టర్ లైవ్ వంటి కార్డుల మీద దీనికి చోటు ఉంది. పేరు వినడానికి గొప్పగా ఉంటుంది కానీ ఆ కార్డు లోపల అన్నిటినీ 48 కిలోహెర్ట్‌జ్‌కు (శబ్దాన్ని సెకనుకు ఎన్నిసార్లు కొలుస్తారన్న లెక్క) మార్చేస్తుంది. సీడీది 44.1. స్వచ్ఛంగా తెచ్చి అక్కడ మార్చుకోవడం ఎందుకు? దీన్ని ఇంట్లోని హోమ్ థియేటర్‌కు నేరుగా కలిపే సాహసం మాత్రం చేయకండి, విద్యుత్ స్థాయిలు వేరు.

పాటను బయటికి తీయడం

తీగ వేశాక చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. సీడీని పాడిస్తూ, సౌండ్ రికార్డర్ నొక్కి, ముప్పావు గంట కూర్చుని కాపీ చేసుకోవడం. ఆ తీగ వినడానికి మాత్రమే. దాని మీదుగా వచ్చిన పాట అంకెల నుంచి శబ్దంగా ఒకసారి, శబ్దం నుంచి అంకెలుగా ఇంకోసారి మారుతుంది. క్యాబినెట్ రొద కూడా అందులో కలుస్తుంది. కాపీకి రిబ్బన్ దారే సరైనది. పాటను అంకెలుగానే తీయాలి.

నేను మాస్టారి సీడీలను నా మిషన్‌లో ఎగ్జాక్ట్ ఆడియో కాపీ అనే ప్రోగ్రాముతో తీశాను. అనుమానం వచ్చిన చోట ఇది మళ్లీ మళ్లీ చదివి, జవాబులు కలిస్తేనే ముందుకు వెళుతుంది. లినక్స్‌లో సీడీపారనోయా ఇదే పని చేస్తుంది. నిమిషం పాటకు పది మెగాబైట్ల చిల్లర పడుతుంది. ఎనిమిది సీడీల్లో ఆరు గంటలోపే వచ్చేశాయి. ఏడోదాని మీద ఎవరో దేవుడి బొమ్మ ఉన్న గుండ్రటి కాగితం అంటించారు. అది ఒక పక్క లేచి, డిస్క్ ఊగుతోంది. పీకితే దానితోపాటు మెరుపు పొర కూడా ఊడుతుంది, ఎందుకంటే సీడీలో పాట ఉన్న పొర పై వైపునే, పలుచని వార్నిష్ కింద ఉంటుంది. మనం జాగ్రత్తగా తుడిచే కింది వైపు మందపాటి ప్లాస్టిక్. పీకకుండా, డ్రైవ్ వేగాన్ని 4 ఎక్స్‌కు తగ్గించి రాత్రంతా వదిలేస్తే తెల్లవారేసరికి రెండు పాటలు తప్ప అన్నీ వచ్చాయి. ఎనిమిదోదానికి వేలిముద్రలే రోగం. మెత్తని నూలు గుడ్డతో మధ్య నుంచి అంచుకు నిట్టనిలువుగా తుడిచాను. గుండ్రంగా తుడిస్తే పడే గీత పాట వెంబడే సాగుతుంది, దాన్ని డ్రైవ్ సరిదిద్దుకోలేదు.

రాయడానికి సీడీ ఆర్ వాడాను. ఆర్‌డబ్ల్యూ తక్కువ కాంతిని తిప్పి పంపుతుంది, గుడిలోని పాత ప్లేయర్ దాన్ని గుర్తించదు. వేగం 16 ఎక్స్. డిస్క్ ఎట్ వన్స్, అంటే డిస్క్ మొత్తాన్ని మధ్యలో ఆగకుండా రాసే పద్ధతి ఎంచుకున్నాను. ఒక్కో పాటను విడిగా రాసే ట్రాక్ ఎట్ వన్స్‌లో ప్రతి పాట మధ్య రెండు సెకన్ల మౌనం చొరబడుతుంది. భజన ఒక కీర్తన నుంచి ఇంకో కీర్తనలోకి తాళం ఆగకుండా వెళుతుంది కాబట్టి, ఆ మౌనం గొంతు నొక్కినట్టు ఉంటుంది. ట్రాక్ ఎట్ వన్స్‌లో రాసేవాళ్లు చివర ఫైనలైజ్ చేయడం, అంటే డిస్క్‌ను మూసేయడం తప్పనిసరి. పైన కాగితాలు వద్దన్నాను. పేరు సీడీల కోసం అమ్మే మెత్తని మార్కర్‌తో రాశాను. బాల్ పెన్ను ఆ వార్నిష్‌కు ఉలి దెబ్బ లాంటిది.

అన్నీ ఒక పెన్‌డ్రైవ్‌లో కూడా వేసి, "ఇక ఈ డబ్బా మోయక్కర్లేదు మాస్టారూ, టీవీకి గుచ్చితే పాడుతుంది," అన్నాను. ఆయన పెన్‌డ్రైవ్ జేబులో వేసుకున్నారు. క్యాబినెట్ మాత్రం ఆటో ఎక్కించమన్నారు.

ఎందుకో మర్నాడు వాళ్లింటికి స్పీకర్లు కలపడానికి వెళ్లినప్పుడు తెలిసింది. పైనున్న పాత 52 ఎక్స్ డ్రైవ్ ముందు వైపు రెండు మీటలున్నాయి. ఒకటి ట్రే తెరిచేది, ఇంకొకటి ప్లే. అది నొక్కితే తెర మీద ఏమీ తెరవనక్కర్లేదు, మౌస్ పట్టనక్కర్లేదు. లోపలి ప్లేయర్ స్వయంగా పాడుతుంది, పాట నాలుగు తీగల మీదుగా స్పీకర్లకు వస్తుంది. ఇంకోసారి నొక్కితే తర్వాతి పాట. మాస్టారి భార్యకు మోకాళ్ల నొప్పులు, చూపు మందగించింది. ఆమె కుర్చీ ఆ మిషన్ పక్కనే ఉంది. వేళ్లతో తడిమి ఆ మీట నొక్కి, "ఇది మూడోది, దీంట్లో నాకు శ్రుతి తప్పింది," అని చెప్పి, ఇంకోసారి నొక్కి నాలుగోదానికి వెళ్లిపోయారు.